డబ్బు కట్టి వేసవి రెసిడెన్సీకి వెళ్లాలా? ఒక యువ ప్రింట్‌మేకర్‌కు జవాబు

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర ఒక ఊరు. ప్రింట్‌మేకింగ్‌లో ఎంఎఫ్ఏ పూర్తయింది. మా చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల మీద ఎచింగ్‌లు (లోహపు రేకు మీద యాసిడ్‌తో గీతలు తినిపించి కాగితం మీద తీసే ప్రింట్లు) చేస్తున్నాను. యూరప్‌లో ఒక పల్లెటూళ్లోని ప్రింట్ వర్క్‌షాప్ వాళ్లు జులైలో నాలుగు వారాల అంతర్జాతీయ రెసిడెన్సీకి నన్ను ఎంపిక చేశామని మెయిల్ పంపారు. 1,600 యూరోలు కట్టాలి, విమానం ఖర్చు మనదే. నాన్న బంగారం మీద లోన్ తీసుకుందాం అంటున్నారు. వెళ్లమంటారా? వీసా వస్తుందా? ఏమేం తీసుకెళ్లాలి? అక్కడ ఒక సాయంత్రం మన సంస్కృతి గురించి మాట్లాడాలట. ఏం మాట్లాడాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ముందుగా అభినందనలు. ఇలాంటి చోట్ల ఉండి పని చేసినదాన్ని, ఎంపిక కమిటీల్లో కూర్చుని వందల దరఖాస్తులు చదివినదాన్ని కాబట్టి సూటిగా చెప్తాను. రెసిడెన్సీ అంటే కళాకారులు కొన్నాళ్లు ఒకచోటే ఉండి పని చేసుకునే ఏర్పాటు. దానికి వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఈ రెసిడెన్సీకి, ఈ జులైలోనే, బంగారం తాకట్టు పెట్టి వెళ్లాలా అంటే మాత్రం, వాళ్లు కొన్ని ప్రశ్నలకు సరైన జవాబు ఇచ్చేదాకా వద్దంటాను.

ఫీజు అడిగారు కాబట్టి మోసమేమో అని కొందరు మీకు చెప్పి ఉంటారు. ఫీజు ఒక్కదాన్నే చూసి అలా తేల్చేయకూడదు. ఈ రంగంలో అన్ని రకాలూ ఉన్నాయి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ అడవుల్లో మెక్‌డోవెల్ అనే రెసిడెన్సీ 1907 నుంచి నడుస్తోంది. ఎంపికైనవాళ్ల దగ్గర వసతికి, తిండికి పైసా తీసుకోరు. మధ్యాహ్నం భోజనం బుట్టలో పెట్టి స్టూడియో గుమ్మం దగ్గర వదిలి వెళ్తారు, పని మధ్యలో ఎవరూ తలుపు తట్టకూడదని. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆర్ట్ ఓమీ రెసిడెన్సీ వసతి, భోజనం తనే పెట్టుకుని, ప్రయాణం ఖర్చు కళాకారులకు వదిలేస్తుంది. అమెరికాలోనే మెయిన్ (Maine) అనే రాష్ట్రంలో స్కౌహీగన్ కళా పాఠశాల 1946లో మొదలైంది. అక్కడ తొమ్మిది వారాల వేసవి కార్యక్రమానికి ఫీజు పెట్టినా, ఇచ్చుకోలేని వాళ్లకు పెద్ద ఎత్తున సాయం చేస్తూ వచ్చారు. ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ కోట మీద ఆస్కార్ కొకోష్కా 1953లో పెట్టిన వేసవి అకాడమీలోనూ కోర్సులకు ఫీజు ఉంది, స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. వీటిలో దేన్నీ ఎవరూ దొంగ సంస్థ అనరు.

కాబట్టి ఎంత తీసుకుంటున్నారన్నది రెండో విషయం. ఆ డబ్బుకు మీకు ఏం ఇస్తున్నారన్నది మొదటిది. రెసిడెన్సీ మీకు ఇవ్వగలిగింది మూడే: ఇంటి బాధ్యతలు లేని సమయం, మీ దగ్గర లేని యంత్రాలు, మీకు ఇక్కడ దొరకని మనుషులు. మీరు ప్రింట్‌మేకర్ కాబట్టి రెండోదాని బరువు ఎక్కువ. పెయింటర్‌కు గోడ, వెలుతురు ఉంటే చాలు. మీకు ప్లేటును కాగితం మీద ఒత్తి అచ్చు తీసే ప్రెస్ కావాలి.

అందుకే వాళ్లకు ఇవాళే ఒక మెయిల్ రాయండి. మీ దగ్గర ఎచింగ్ ప్రెస్‌లు ఎన్ని, ఒక్కోదాని బెడ్ (ప్లేటు పెట్టే బల్ల) సైజు ఎంత? ఒకే నెలలో ఎంతమంది ఆర్టిస్టులు ఉంటారు, ప్రెస్ సమయం ఎలా పంచుకుంటారు? మాస్టర్ ప్రింటర్ ఉంటారా, ఉంటే వారంలో ఎన్ని రోజులు? సెలవు రోజుల్లో, రాత్రిపూట వర్క్‌షాప్ తెరిచి ఉంటుందా? రాగి రేకులు, కాగితం, ఇంకు ఫీజులో కలిసి ఉన్నాయా, విడిగా కొనుక్కోవాలా? పన్నెండు మందికి ఒక్క ప్రెస్ ఉంటే మీ నాలుగు వారాలు వరుసలో నిలబడటానికే సరిపోతాయి. వర్క్‌షాప్ నిజంగా నడిపేవాళ్లకు ఈ ప్రశ్నలంటే సంతోషం. ఒకటి రెండు రోజుల్లో సెంటీమీటర్లతో సహా జవాబిస్తారు. "మీరు వచ్చాక అన్నీ చూసుకోవచ్చు" అని రాస్తే అక్కడితో ఆగిపోండి.

అలాగే గత రెండేళ్లలో వచ్చిన ఆర్టిస్టుల పేర్లు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఉంటే ఇద్దరికి సోషల్ మీడియాలో మెసేజ్ పెట్టండి. మన దేశం నుంచో, బంగ్లాదేశ్ నుంచో, నైజీరియా నుంచో వెళ్లిన వాళ్లయితే మరీ మంచిది, మన వీసా కష్టాలు వాళ్లకు తెలుస్తాయి. నాకు అనుమానం తెప్పించే లక్షణాలు కొన్ని ఉన్నాయి. దరఖాస్తు చేసిన వారంలోనే ఎంపిక మెయిల్ రావడం, డబ్బు వ్యక్తిగత ఖాతాకు పంపమనడం, పనికన్నా సర్టిఫికెట్ గురించీ చివరి ఎగ్జిబిషన్ గురించీ ఎక్కువ చెప్పడం, వర్క్‌షాప్ ఫోటోల్లో ద్రాక్షతోటలు, సూర్యాస్తమయాలే తప్ప ఒక్క ప్రెస్ కూడా కనిపించకపోవడం.

ఇక డబ్బు సంగతి. 1,600 యూరోలు, జులై నెల టికెట్, వీసా, ఇన్సూరెన్స్, కాగితం, రాగి, అక్కడ చేతి ఖర్చు అన్నీ కలిపితే నా లెక్కలో మూడు లక్షల దరిదాపుల్లోకి వస్తుంది. అందులో సగం పెడితే మన దేశంలో తయారైన చిన్న ఎచింగ్ ప్రెస్ ఒకటి మీ ఇంట్లోకే వస్తుంది, ఏళ్ల తరబడి పని చేస్తుంది. ఎంఎఫ్ఏ అయిపోయాక కాలేజీ ప్రెస్ దూరమై ఎంతోమంది మంచి ప్రింట్‌మేకర్లు పెయింటింగ్‌కో, ఉద్యోగానికో మళ్లిపోవడం నేను చూశాను. మీకు అలా జరగకూడదని నా ఆరాటం. మీ నాన్నగారు మీ పనిని అంతగా నమ్ముతున్నారంటే అది చాలా పెద్ద విషయం. ఆ నమ్మకాన్ని అప్పుగా మార్చకండి.

మరి దారి ఏమిటి? మొదట, ఫీజు తగ్గించమని వాళ్లనే అడగండి. సిగ్గుపడొద్దు. ఇలాంటి చోట్ల మెయిల్‌లో రాయకపోయినా ఒకటి రెండు ఫీజు మినహాయింపులు ఉండటం మామూలే. వారంలో కొన్ని గంటలు వర్క్‌షాప్‌లో సాయం చేస్తాను, లేదా ఒక డెమాన్‌స్ట్రేషన్ ఇస్తాను, అందుకు ఫీజు సగం చేయగలరా అని రాయండి. రెండు, ఎంపికను వచ్చే వేసవికి వాయిదా వేయమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. ఆ ఏడాదిలో గ్రాంటు వెతుక్కోవచ్చు. భారతీయ కళాకారులకు ఇన్‌లాక్స్ శివదాసాని ఫౌండేషన్ ఫైన్ ఆర్ట్ అవార్డు ఉంది. బ్రిటన్ వెళ్లేవాళ్లకు చార్ల్స్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఉంది. స్విట్జర్లాండ్ వాళ్ల కళల మండలి ప్రో హెల్వేషియాకు ఢిల్లీలో ఆఫీసు ఉంది, రెసిడెన్సీలకు దరఖాస్తులు పిలుస్తుంది. ఫ్రాన్స్ వాళ్ల విల్లా స్వాగతం అనే రెసిడెన్సీల కార్యక్రమం 2023లో మొదలైంది. వేసవి రెసిడెన్సీల దరఖాస్తులు చాలావరకు ముందు చలికాలంలోనే ముగిసిపోతాయి. కాబట్టి వచ్చే జులై గురించి ఈ దసరాకే ఆలోచించడం మొదలుపెట్టాలి. రెస్ ఆర్టిస్, ట్రాన్స్ ఆర్టిస్ట్స్ అనే రెండు వెబ్‌సైట్లలో ప్రపంచవ్యాప్తంగా రెసిడెన్సీల జాబితాలు దొరుకుతాయి. అందులో ప్రింట్‌మేకింగ్ అని వెతకండి. బెల్జియంలో కాస్టర్లే అనే ఊళ్లో ఫ్రాన్స్ మాసెరీల్ సెంటర్ అచ్చంగా ప్రింట్ కోసమే 1972లో పెట్టారు. జపాన్‌లో ఫ్యూజీ పర్వతం దగ్గర కవాగుచీకో ప్రాంతంలో నీళ్ల రంగులతో చేసే చెక్క ముద్రణ నేర్పే రెసిడెన్సీ ఉంది. మీ చేతికి, మీ పనికి ఏది సరిపోతుందో చూసుకుని రెండు మూడింటికి దరఖాస్తు చేయండి. కనిపించిన ప్రతిదానికీ చేయకండి.

దరఖాస్తు గురించి ఒక్క మాట. కమిటీలో మేం మొదట బొమ్మలు చూస్తాం, తర్వాతే స్టేట్‌మెంట్ చదువుతాం. "నా కళ ద్వారా మానవ అస్తిత్వాన్ని అన్వేషిస్తాను" లాంటి వాక్యం కనిపిస్తే కళ్లు ముందుకు జారిపోతాయి. మీ ప్రశ్నలో క్వారీల మాట చదవగానే నేను ఆగాను. కొండను రంపంతో కోసి దిమ్మెలుగా లారీ ఎక్కించడం, గుంటలో పచ్చటి నీళ్లు నిలవడం, ఆ రాతి పొడి మీ ఊరి ఆకుల మీద పడటం, దాన్ని మీరు ఆక్వాటింట్‌లో (ఎచింగ్‌లో నీడల ఛాయలు తెచ్చే పద్ధతి) ఎలా పట్టుకున్నారు అన్నది రాయండి. అక్కడికి వచ్చి ఏం చేస్తారో కూడా అంత స్పష్టంగా చెప్పండి: నాలుగు పెద్ద రాగి ప్లేట్లు, ఒక్కోదాంట్లో ఒక్కో టెక్నిక్ అని. కమిటీకి అక్కడ మీరు పని చేస్తుండటం కళ్లకు కట్టాలి.

ఇప్పుడు వర్క్‌షాప్‌లోకి వద్దాం. ఎవరూ ముందుగా చెప్పని విషయం ఇది. మన కాలేజీల్లో మనలో చాలామందిమి జింకు ప్లేటు, నైట్రిక్ యాసిడ్‌తో నేర్చుకున్నాం. యూరప్‌లో అనేక వర్క్‌షాపులు ఆరోగ్యం దృష్ట్యా నైట్రిక్‌ను వదిలేశాయి. రాగి మీద ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు. జింకు అయితే కాపర్ సల్ఫేట్, ఉప్పు కలిపిన ద్రావణం వాడతారు. మీరు ఇక్కడి నుంచి జింకు ప్లేటు పట్టుకెళ్లి వాళ్ల ఫెర్రిక్ తొట్టిలో వేశారంటే అది వేడెక్కి, వాయువు వదిలి, అందరూ వాడుకునే తొట్టినే పాడుచేస్తుంది. మొదటి వారంలోనే చెడ్డపేరు. కాబట్టి ఏ యాసిడ్, ఏ లోహం అని ముందే అడిగి, వెళ్లేలోపు ఇక్కడే ఫెర్రిక్‌తో రెండు చిన్న రాగి ప్లేట్లు చేసి చూడండి. ఫెర్రిక్ రంగు ముదురు గోధుమ, లోపల గీత ఎంత లోతుకు దిగిందో కనబడదు. నైట్రిక్‌లోలా బుడగలు లేవవు, ఈకతో తుడవాల్సిన పని ఉండదు. అడుగున మడ్డి పేరుకోకుండా ప్లేటును తలకిందులుగానో, నిలువుగానో పెడతారు. సమయం అంచనా పూర్తిగా మారిపోతుంది. ఇది అక్కడికి వెళ్లాక మొదలుపెడితే ఒక వారం దానికే పోతుంది.

సామానులో టర్పెంటైన్, యాసిడ్, స్ప్రే డబ్బాలు అసలు వద్దు, విమానంలో అనుమతించరు. బ్యూరిన్, స్క్రేపర్, నీడిల్ లాంటి చెక్కే, గీకే పనిముట్లు చెక్ఇన్ బ్యాగులోనే, మొనలకు కార్క్ గుచ్చి, గుడ్డలో చుట్టి పెట్టండి. మీ చేతికి అలవాటైన స్క్రేపర్, ప్లేటును నునుపు చేసే బర్నిషర్ మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. అరువు బర్నిషర్‌తో మెజోటింట్ (గరుకు ప్లేటును నునుపు చేస్తూ వెలుగు తెచ్చే పద్ధతి) చేయడం ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు. మన చేతి కాగితం కొంత పట్టుకెళ్లండి, అక్కడివాళ్లు ఎంతో ఇష్టపడతారు, మార్పిడి చేసుకోవచ్చు. విలువైన పరికరాలుంటే బయలుదేరే ముందు ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు డ్యూటీ తలనొప్పి ఉండదు.

తిండి విషయంలో, పొడులు, పచ్చళ్లు గట్టిగా ప్యాక్ చేసి చెక్ఇన్‌లో వేయండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికుల సామానులో తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా కుదరదు. కంది పొడి, చింతపండు, ఎండుమిర్చి ఉంటే బతికిపోతారు. అక్కడ వేసవిలో రాత్రి తొమ్మిదిన్నర దాకా కూడా వెలుతురు ఉంటుంది. కలిసి తినే భోజనం మాత్రం ఆరున్నరకో ఏడుకో పెట్టేస్తారు. ఆ బల్ల దగ్గరే అసలు స్నేహాలు కుదురుతాయి, పని ఉందని మానేయకండి.

వీసా. నాలుగు వారాలకు చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ షార్ట్ స్టే వీసా సరిపోతుంది, అది 180 రోజుల్లో 90 రోజుల దాకా ఉండనిస్తుంది. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందు అని రూలు ఉన్నా, వేసవిలో హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం, ఏప్రిల్‌లోనే బుక్ చేయండి. మీలాంటి ఫ్రీలాన్స్ ఆర్టిస్టులకు అసలు చిక్కు ఆదాయం చూపించడంలో వస్తుంది. జీతం స్లిప్ ఉండదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, అమ్మిన ప్రింట్ల బిల్లులు, ఎగ్జిబిషన్ క్యాటలాగులు, నాన్నగారు ఖర్చు భరిస్తారంటే ఆయన లేఖ, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయండి. వీసా ముందు ఖాతాలోకి ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చిపడితే అనుమానిస్తారు. గోల్డ్ లోన్ వద్దనడానికి ఇదీ ఒక కారణం. ఆహ్వాన లేఖలో తేదీలు, వసతి చిరునామా, ఎవరు ఏ ఖర్చు భరిస్తారు, ఇది ఉద్యోగం కాదు అన్న నాలుగు సంగతులూ ఉండాలి. వాళ్ల దగ్గర ముందే తయారుగా ఉన్న లేఖ సరిపోకపోతే మార్చి ఇమ్మనండి. వీసా రాకపోతే ఫీజు తిరిగి ఇస్తారా అన్నది డబ్బు కట్టకముందే లిఖితంగా తీసుకోండి. తిరిగి ఇవ్వం అంటే నేనైతే కట్టను.

ఇక మీరు టెన్షన్ పడుతున్న ఆ సాయంత్రం. భారతదేశం మొత్తానికి ప్రతినిధిగా నిలబడాల్సిన పని మీకు లేదు. తాజ్‌మహల్, యోగా, పండగల స్లైడ్లు పెట్టకండి. చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోండి, వాళ్లు అడిగారని కట్టుకోవద్దు. మీ దగ్గర చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఉంది.

1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన ప్రింట్‌మేకర్, శిల్పి కృష్ణారెడ్డి గారు శాంతినికేతన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర, తర్వాత లండన్ స్లేడ్ ఆర్ట్ స్కూల్లో చదివి, 1950లలో పారిస్ చేరారు. స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో పని చేస్తూ, తర్వాత దానికి సహ డైరెక్టర్ అయ్యారు. ఒకే ప్లేటు మీద నూనె పాళ్లు వేరుగా ఉన్న ఇంకులను, గట్టి రోలరుతో ఒకటి, మెత్తటి రోలరుతో ఒకటి ఎక్కించి, ఒక్కసారి ప్రెస్‌లో తిప్పితే అన్ని రంగులూ పడే విస్కాసిటీ పద్ధతి ఆ వర్క్‌షాప్‌లో రూపు దిద్దుకుంది. దాన్ని తీర్చిదిద్దిన వాళ్లలో ఆయన ముఖ్యులు. మీరు వెళ్లే వర్క్‌షాప్‌లో కూడా రోలర్లు ఉంటే, అక్కడెవరో ఒకరు ఆ పద్ధతి వాడుతూనే ఉంటారు. అది తమ యూరప్ టెక్నిక్ అనుకునేవాళ్లకు అందులో ఒక చిత్తూరు శిల్పి చెయ్యి ఉందని చెప్పండి. శిల్పి అన్న మాట ఊరికే అనలేదు. ఆయన ప్లేటును చదునైన రేకులా చూడలేదు, లోతులు లోతులుగా చెక్కారు, అందుకే ఆ రంగులు అలా నిలబడ్డాయి.

ఇంకొకటి, మీ క్వారీలకు నేరుగా తగిలే సంగతి. ఇవాళ్టి వేసవి రెసిడెన్సీలకు పూర్వరూపాల్లో ఒకటి పుట్టింది ఒక రాతి క్వారీలోనే. ఆస్ట్రియాలోని సెయింట్ మార్గరెటెన్ క్వారీలో, వియన్నా కెథడ్రల్‌కు రాయి ఇచ్చిన చోట, 1959లో శిల్పి కార్ల్ ప్రాంట్ల్ వేర్వేరు దేశాల శిల్పులను పిలిచి, వేసవంతా అక్కడే ఉండి అక్కడి రాయిని అక్కడే చెక్కే సింపోజియం మొదలుపెట్టాడు. ఆ పద్ధతి ఎన్నో దేశాలకు పాకింది. 1964లో మాంట్రియల్‌లో మౌంట్ రాయల్ కొండ మీద అలాంటిదే జరిగితే, పాల్గొన్న శిల్పుల్లో మన కృష్ణారెడ్డి గారూ ఉన్నారు. ఆ శిల్పాలు ఆ కొండ మీద ఇప్పటికీ ఉన్నాయి. మన దేశంలో 1997లో మోదీనగర్‌లో ఖోజ్ అనే కళాకారుల సంస్థ వాళ్లు పెట్టిన అంతర్జాతీయ వర్క్‌షాప్ కూడా ఇలా దేశదేశాల కళాకారులను కొన్నాళ్లు ఒకచోట కూర్చిన ప్రయత్నమే, అది ట్రయాంగిల్ అనే అంతర్జాతీయ కళాకారుల వర్క్‌షాపుల ఒరవడిలో వచ్చింది.

దీన్ని పెట్టుకుని పదిహేను నిమిషాలు మాట్లాడండి. కరీంనగర్ రాయి ఓడ ఎక్కి ప్రపంచంలో ఎవరి వంటింటి బల్ల అవుతుందో, దాని వెనక మీ ఊళ్లో ఏం మిగిలిందో మీ ప్రింట్లు చూపిస్తూ చెప్పండి. ఆ గదిలో ఎవరో ఒకరి ఇంట్లో ఆ రాయి ఉండి ఉండవచ్చు. తర్వాత వాళ్లను అడగండి, మీ ఊరి రాయి ఎక్కడికి పోతుంది, మీ వర్క్‌షాప్ ఉన్న ఈ పాత కట్టడం ముందు ఏమిటి అని. మార్పిడి అన్నది అప్పుడే మొదలవుతుంది. అటునుంచి వినడానికి మీరు సిద్ధంగా ఉన్నారని తెలిస్తే, మర్నాడు పొద్దున ప్రెస్ దగ్గర ఎవరో మీకు తమ రహస్యం ఒకటి చూపిస్తారు. నాకు తెలిసిన మంచి టెక్నిక్‌లు చాలావరకు అలా వచ్చినవే.

వెళ్లాక మరిచిపోకూడనిది ఒకటుంది. ప్రింట్ రెసిడెన్సీలు సాధారణంగా మీరు అక్కడ చేసిన ప్రతి ఎడిషన్ (ఒకే ప్లేటు నుంచి తీసిన కాపీల సెట్) నుంచి ఒకటి రెండు కాపీలు తమ ఆర్కైవ్‌కు అడుగుతాయి. అది న్యాయమే. కానీ ఎన్ని కాపీలు, వాటిని అమ్ముతారా, అమ్మితే వాటా ఎంత, ప్లేటు ఎవరిది అన్నది మొదటి రోజే కాగితం మీద ఉండాలి. ప్లేటు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలి రాకండి. సామాను బరువైతే బట్టలు వదిలేయండి.

ప్రెస్ సైజు, ఆర్టిస్టుల సంఖ్య, యాసిడ్, ఫీజు తగ్గింపు, వీసా రాకపోతే వాపసు: ఈ అయిదింటికీ జవాబులు వస్తే నాకు చూపించండి. జవాబులు బాగుండి, ఫీజు సగమైనా తగ్గించి, మిగతాది మీ ప్రింట్ల అమ్మకం మీద సర్దుకోగలిగితే ఈ జులైకే వెళ్లండి. లేకపోతే మర్యాదగా వచ్చే ఏడాదికి వాయిదా అడిగి, ముందు ఆ ప్రెస్ కొనే సంగతి నాన్నగారితో మాట్లాడండి.